ఫ్లోరెన్స్ నుంచి నీస్ దాకా: పొగాచర్ చక్రం వెంట 23 రోజులు

2024 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు ఇటలీలో మొదలైంది. జూన్ 29న ఫ్లోరెన్స్‌లో బయలుదేరి, 21 స్టేజీల్లో, అంటే రోజుకొకటి చొప్పున 21 రేసుల్లో, 3,498 కిలోమీటర్లు తిరిగి, జులై 21న మధ్యధరా ఒడ్డున నీస్ చేరింది. ఒలింపిక్స్ ఏర్పాట్ల వల్ల ఆ ఏడు పారిస్‌లో చోటు దొరకలేదు. పారిస్ ప్రాంతానికి బయట టూర్ ముగియడం అదే మొదటిసారి. దారి పొడవునా అందరి చూపూ స్లొవేనియా కుర్రాడు తదేయ్ పొగాచర్ మీదే. వయసు 25. 2020, 2021 టూర్లు అప్పటికే అతని ఖాతాలో ఉన్నాయి. మే నెలలో ఇటలీ టూర్ జిరోలో ఆరు స్టేజీలు గెలిచి, రెండో స్థానం వాడికి 9 నిమిషాల 56 సెకన్ల దూరం పెట్టి మరీ వచ్చాడు. ఒకే ఏడాది జిరో, టూర్ రెండూ గెలిచినవాడు 1998లో మార్కో పాంటానీ తర్వాత లేడు.

ఎదురుగా ఉన్నది డెన్మార్క్ వాడు యోనస్ వింగెగార్డ్, 2022, 2023 విజేత. ఏప్రిల్ 4న స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు రేసులో పడి కాలర్ బోన్, పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు, ఊపిరితిత్తీ దెబ్బతింది. మూడు నెలలైనా నిండకుండానే టూర్‌కు వచ్చాడు. బెల్జియం వాడు రెమ్కో ఎవెనెపూల్, స్లొవేనియాకే చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ కూడా అదే ప్రమాదంలో పడ్డవాళ్లే.

రోజుల్లోకి వెళ్లే ముందు రెండు పాత ఓటములు గుర్తు చేసుకోవాలి. ఈ కుర్రాడి ఆట 2024లో ఎందుకు మారిందో వాటిలోనే ఉంది. 2022లో గాలిబియే కొండ మీద వింగెగార్డ్, రోగ్లిచ్ ఒకరి తర్వాత ఒకరు ఎటాక్ చేశారు, అంటే ఒక్కసారిగా వేగం పెంచి వదిలించుకుపోవాలని చూశారు. ఇద్దరూ అప్పుడు ఒకే జట్టు. పొగాచర్ ప్రతి దెబ్బకూ తానే బదులిచ్చాడు. ఆ తర్వాతి కొండ గ్రానోన్ మీద కాళ్లు ఖాళీ అయిపోయి 2 నిమిషాల 51 సెకన్లు పోగొట్టుకున్నాడు. 2023లో కోల్ ద లా లోజ్ మీద తిన్నది ఒంటికి పట్టక, రేడియోలో తన పనైపోయిందని జట్టుకు తానే చెప్పాడు. ఆ ఒక్క రోజే వింగెగార్డ్‌కు 5 నిమిషాల 45 సెకన్లు సమర్పించుకున్నాడు. గిల్లిన ప్రతిసారీ లేవడం మొదటి తప్పు. తిండి లెక్క తప్పడం రెండోది.

గెలుపు లెక్క మొత్తం టైం మీద. స్టేజీలో మొదటి ముగ్గురికి 10, 6, 4 సెకన్లు, ఎంపిక చేసిన కొన్ని కొండ శిఖరాల మీద 8, 5, 2 సెకన్లు బోనస్‌గా తగ్గిస్తారు. ఈ చిల్లర సెకన్లంటే పొగాచర్‌కు ప్రాణం.

జూన్ 29, 30: ఫ్లోరెన్స్, రిమినీ, బొలోన్యా

మొదటి రోజు అపెన్నైన్ కొండలు దాటి ఏడ్రియాటిక్ తీరానికి 206 కి.మీ. ఎండ మాడ్చేసింది. ఫ్రాన్స్ వాడు రొమెయిన్ బార్డే, అతని జట్టు కుర్రాడు ఫ్రాంక్ వాన్ డెన్ బ్రూక్ గుంపు కంటే 5 సెకన్ల ముందు రిమినీ చేరారు. పొగాచర్ గుంపులోనే వచ్చాడు.

రెండో రోజు బయలుదేరింది చెసెనాటికో నుంచి. పాంటానీ పెరిగిన ఊరు అది. ముగింపు బొలోన్యా. అక్కడి సాన్ లూకా కొండెక్కే దారి పక్కనే, ఊళ్లోంచి కొండ మీది చర్చి దాకా 666 కమానుల నడకదారి ఉంటుంది. అలిపిరి మెట్లదారికి ఉన్నట్టే దానికీ పైకప్పు ఉంది. సైకిళ్ల రోడ్డు 1.9 కి.మీ., సగటు వాలు 10.6 శాతం, అంటే వంద మీటర్లు ముందుకు పోతే పదిన్నర మీటర్లు పైకి. స్టేజీలో దాన్ని రెండుసార్లు ఎక్కాలి. రెండోసారి ఎక్కేటప్పుడు పొగాచర్ సీటు మీంచి లేచి కొట్టాడు. వింగెగార్డ్ చక్రం వదల్లేదు. గాయాల నుంచి ఎంత కోలుకున్నాడో తెలియని మనిషిని రెండో రోజే ఇలా పరీక్షించి చూడటం మంచి పని, ఎందుకంటే ఈ ఖర్చు ఐదారు నిమిషాల శ్రమ మాత్రమే. జవాబు దొరికింది: పొట్టి కొండ మీద వింగెగార్డ్‌ను వదిలించుకోలేం. శిఖరం దాటాక ఎవెనెపూల్, ఈక్వడార్ వాడు రిచర్డ్ కారపాజ్ కూడా వచ్చి కలిశారు. ముందే వెళ్లిపోయిన కెవిన్ వోక్లాన్ స్టేజీ గెలిచాడు. మొత్తం టైంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ పొగాచర్‌కు వచ్చింది, నలుగురి టైం ఒక్కటే అయినా.

జులై 1: టురిన్

230.8 కి.మీ., అంతా మైదానం. ఎరిత్రియా వాడు బినియామ్ గిర్మాయ్ స్ప్రింట్‌లో గెలిచాడు. టూర్ స్టేజీ గెలిచిన తొలి నల్లజాతి ఆఫ్రికన్ అతను. టైం సమానంగా ఉన్న నలుగురిలో, రోజువారీ స్థానాల లెక్కన జెర్సీ కారపాజ్‌కు మారింది. పొగాచర్ దాని కోసం పెనుగులాడలేదు. జెర్సీ ఒంటి మీద ఉంటే స్టేజీ అయ్యాక బహుమతి వేదిక, టీవీ, పత్రికల వాళ్లు, ఇవన్నీ అయ్యేసరికి హోటల్ చేరడం ఆలస్యం, తిండీ మసాజూ ఆలస్యం. పైగా మర్నాడు గుంపు ముందుండి లాగే బాధ్యత ఆ జట్టుదే. మొదటి వారంలో జెర్సీని ఒక రోజు వేరేవాడికి వదలడం లాభమే.

జులై 2: పినెరోలో నుంచి గాలిబియే మీదుగా వలోర్

139.6 కి.మీ. ఈ టూర్ రూపురేఖలు తేలిపోయిన రోజు. సెస్ట్రియేర్, మోంజెనెవ్ర్ ఎక్కి, సరిహద్దు దాటి బ్రియాన్సోన్‌లోకి దిగాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. గిజాన్ లోయ వెంట లోతారే కనుమ దాకా పొడవాటి, తేలికపాటి వాలు. లోతారే దగ్గర కుడివైపు తిరిగితే గాలిబియే రోడ్డు. మొత్తం 23 కి.మీ., సగటు 5.1 శాతం. ఈ సగటును చూసి మోసపోకూడదు. కింద వాలు తక్కువ, పైన సొరంగం దాటాక చివరి కిలోమీటరే అన్నిటికంటే నిటారు. చూడటానికి వెళ్లేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. రేసు వచ్చే కొన్ని గంటల ముందే పై రోడ్లు వాహనాలకు మూసేస్తారు. ముందురోజే వ్యాన్‌తో చేరి ఉండాలి, లేదా సైకిల్ మీదో కాలినడకనో ఎక్కాలి.

ఆ రోజు లోతారే లోయలో ఎదురుగాలి. ఎదురుగాలిలో ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకున్నవాడు ఆ చాటున తేలిగ్గా వస్తాడు. అందుకే పొగాచర్ జట్టు యూఏఈ దూరం నుంచి ఎటాక్ చేయించలేదు. ఒక్కొక్కరినీ వరుసగా ముందు పెట్టి వేగం పెంచుతూ పోయింది. చివర్లో జువావో అల్మెయిదా లాగుతూ లాగుతూ వెనక్కి తిరిగి, ముందుకు రమ్మని హువాన్ అయూసోకు చేత్తో సైగ చేశాడు. 21 ఏళ్ల అయూసో వెనకే ఆగిపోతున్నాడని ఆ రాత్రంతా చర్చ. అయినా పని జరిగింది. గుంపు ఏడెనిమిది మందికి కుదించుకుపోయింది.

శిఖరానికి సుమారు 800 మీటర్లుందనగా పొగాచర్ లేచాడు. నిటారు భాగం, గాలి చాటు పనిచేయనంత తక్కువ వేగం, పైన 8 సెకన్ల బోనస్, ఆ వెంటనే 19 కి.మీ. దిగుడు. శిఖరం మీద వింగెగార్డ్ వెనకబడింది కొద్ది సెకన్లే. ఆ కొద్దిపాటి సందునే దిగుడులో పెంచాడు. మలుపులో బ్రేకు ఆలస్యంగా పట్టడం, మలుపు దాటిన మరుక్షణం మళ్లీ తొక్కడం, తిన్నని రోడ్డు మీద హ్యాండిల్ మీదికి వంగిపోవడం, ఈ మూడూ అతనికి చిన్నప్పటి అలవాట్లలా వస్తాయి. ఏప్రిల్‌లో దిగుడులోనే పడ్డ వింగెగార్డ్ అంత తెగువ చూపించలేదు, వెనకవాళ్లు అతన్ని అందుకున్నారు. వలోర్‌లో పొగాచర్ తర్వాత 35 సెకన్లకు ఎవెనెపూల్, 37కు వింగెగార్డ్. బోనస్‌లతో కలిపితే మొత్తంలో ఎవెనెపూల్ 45, వింగెగార్డ్ 50 సెకన్లు వెనక. 2022లో ఇదే గాలిబియే మీద ఎవరెవరి దెబ్బలకో బదులిస్తూ అలిసిపోయినవాడు, ఈసారి తన దెబ్బ ఒక్కటే వేశాడు, తనకు నచ్చిన చోట.

జులై 3, 4: సాన్ వుల్బా, దిజోన్

సాన్ వుల్బాలో 39 ఏళ్ల మార్క్ కావెండిష్ తన 35వ టూర్ స్టేజీ గెలిచి ఎడీ మెర్క్స్ 34 రికార్డును దాటాడు. ఆ రోజు పసుపు జెర్సీలో ఉన్న పొగాచర్ రోడ్డు మధ్య డివైడర్ దిమ్మె నుంచి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. గుంపులో ముందువాడి చక్రం తప్ప ఏమీ కనిపించదు. ముందున్నవాళ్లు చేత్తో చూపించకపోతే దిమ్మె మీదికే. అందుకే పెద్ద జట్లు తమ నాయకుణ్ణి గుంపు మొదటి 20 స్థానాల్లో ఉంచడానికి రోజంతా నలుగురిని ఖర్చు పెడతాయి. యూఏఈలో ఆ మోత పని నిల్స్ పోలిట్, టిమ్ వెలెన్స్‌లది.

మర్నాడు దిజోన్‌లో గ్రూనెవెహెన్ స్ప్రింట్. చెప్పుకోదగ్గది లేదు.

జులై 5: ద్రాక్షతోటల మధ్య టైం ట్రయల్

న్యూయి సాన్ జార్జ్ నుంచి జెవ్రే షాంబెర్తాన్‌కు 25.3 కి.మీ., బుర్గుండీ ద్రాక్షతోటల మధ్య. టైం ట్రయల్ అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడి తొక్కడం. ఎవెనెపూల్ 28 నిమిషాల 52 సెకన్లలో గెలిచాడు. పొగాచర్ 12 సెకన్లు, వింగెగార్డ్ 37 సెకన్లు వెనక. ఓడిన రోజే అనిపించినా అసలు లెక్క వేరే: ప్రధాన ప్రత్యర్థికి ఇంకో 25 సెకన్ల దూరం పెరిగింది. 2023లో ఇదే రకం స్టేజీలో వింగెగార్డ్ అతన్ని నిమిషంన్నరకు పైగా ఓడించాడు. ఆ చలికాలంలో పొగాచర్ కోచ్ మారి, జేవియర్ సోలా వచ్చాక, టైం ట్రయల్ సైకిల్ మీద సాధన బాగా పెరిగింది. పెడల్ క్రాంకు పొడవు కూడా 165 మి.మీ.కు తగ్గింది. పొట్టి క్రాంకు వల్ల మోకాలు ఛాతీకి తగలదు, తుంటి మరీ ముడుచుకోదు. అలా వంగి ఎక్కువసేపు బలంగా తొక్కవచ్చు.

జులై 7: త్రువా చుట్టూ కంకర బాటలు

199 కి.మీ.లో 14 చోట్ల కలిపి 32 కి.మీ. తెల్ల కంకర. షాంపేన్ ద్రాక్షతోటల రైతుల బండిబాటలవి. తొక్కేటప్పుడు ముందు చక్రం జారకుండా బరువు వెనక్కి వేసుకోవాలి, టైర్‌లో గాలి కాస్త తగ్గించుకోవాలి. మరీ తగ్గిస్తే రాయి రిమ్‌కు తగిలి టైర్ కోసుకుపోతుంది, మరీ పెంచితే సైకిల్ బంతిలా ఎగురుతుంది. దుమ్ములో ముందున్నవాడికే దారి కనిపిస్తుంది. అందుకే ప్రతి కంకర బాట మొదట్లో చోటు కోసం కొట్లాట.

వింగెగార్డ్ టైర్ పంక్చరై, జట్టువాడు యాన్ ట్రాట్నిక్ సైకిల్ తీసుకుని మిగతా రేసంతా దాని మీదే తొక్కాడు. పొగాచర్ ఆ ఏడాది మార్చిలోనే ఇలాంటి కంకర రేసు స్ట్రాదే బ్యాంకేను 81 కి.మీ. ఒంటరిగా తొక్కి గెలిచినవాడు. ఇక్కడా పదేపదే కొట్టాడు. ఒక దశలో పొగాచర్, ఎవెనెపూల్, వింగెగార్డ్ ముగ్గురే విడిపోయారు. కలిసి లాగితే మిగతా అందరినీ వదిలేయవచ్చు. కానీ వింగెగార్డ్ ముందుకు రాలేదు, చక్రం వెనకే కూర్చున్నాడు. ఎవెనెపూల్‌కు కోపం వచ్చింది. మా దృష్టిలో వింగెగార్డ్ చేసిందే సరైన పని. సొంతం కాని సైకిల్, వెనక గుంపులో సొంత జట్టు మనుషులు. అక్కడ లాగితే లాభం ఎదుటివాళ్లకే. పొగాచర్ ఎటాక్‌లు అందంగా ఉన్నాయి గానీ ఒక్క సెకనూ తేలేదు. స్టేజీ ఆంతొనీ త్యుర్జీది.

జులై 8: ఓర్లియాన్, విశ్రాంతి

విశ్రాంతి రోజున కూడా గంటన్నర, రెండు గంటలు తొక్కుతారు. ఒక్కసారిగా ఆపేస్తే కాళ్లు బిగుసుకుపోతాయి. ఇక తిండి. ఈ తరం రేసుల్లో గంటకు 120 గ్రాముల దాకా పిండిపదార్థం లోపలికి పంపిస్తున్నారు. 40 గ్రాముల జెల్ పొట్లాలైతే గంటకు మూడు. ఐదు గంటల కొండ స్టేజీకి 600 గ్రాములు. మన లెక్కలో సుమారు ముప్పావు కిలో బియ్యం వండుకుని సైకిల్ తొక్కుతూనే తినేసినట్టు. గ్లూకోజు ఒక్కటే ఇంత ఇస్తే పేగులు పీల్చుకోలేవు, అందుకే ఫ్రక్టోజు కలుపుతారు. పొట్టను కూడా నెలల తరబడి అలవాటు చేయాలి. అలవాటు లేకుండా రేసులో మొదలుపెడితే కడుపు ఉబ్బరం, వాంతి. ఒక గంట తినడం మర్చిపోతే ఆ నష్టం ఆ గంటలో తెలియదు, రెండు గంటల తర్వాత కొండ మీద తెలుస్తుంది.

జులై 10: ఎవో లే బాన్ నుంచి లె లియోరాన్

మాసిఫ్ సెంత్రాల్ కొండలు. చల్లారిపోయిన అగ్నిపర్వతాలు, పచ్చిక, ఆవులు. ఆల్ప్స్‌లా పొడవాటి కనుమలు కావు. పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి. 211 కి.మీ.లో మొత్తం ఎక్కుడు 4,000 మీటర్లు దాటింది. ఈ ఒక్క రోజే పొగాచర్ పాత పొగాచర్‌లా తొక్కాడు.

ప్యూయ్ మారీ శిఖరం, పా ద పేరోల్, 5.4 కి.మీ., పైన చివరి రెండు కి.మీ. పది పన్నెండు శాతం. శిఖరానికి కొన్ని వందల మీటర్ల ముందు పొగాచర్ లేచాడు. ముగింపు ఇంకా 31 కి.మీ. దూరం. గాలిబియే పాఠమే ఇక్కడా వాడాడు: నిటారు చోట కొట్టు, దిగుడులో పెంచు. సందు అర నిమిషం దాటింది. తేడా ఎక్కడ వచ్చిందంటే, గాలిబియే దిగితే వలోర్‌లో ముగింపు గీత ఉంది. ఇక్కడ దిగితే పెర్ట్యూస్ కొండ ఉంది, దాని తర్వాత ఇంకో ఎక్కుడు ఉంది. ఒంటరిగా గాలి చీల్చుకుంటూ వచ్చినవాడు కొత్త కొండ మొదలయ్యేసరికి అలిసి ఉంటాడు. వెంటాడేవాడికి ఎదురుగా పసుపు జెర్సీ కనిపిస్తూ ఉంటుంది. పెర్ట్యూస్ 4.4 కి.మీ., దాదాపు 8 శాతం. సమంగా, ఊపిరి చెదరకుండా ఎక్కే వింగెగార్డ్‌కు అచ్చొచ్చిన కొలత. శిఖరం దగ్గర పట్టేశాడు.

పట్టుబడిన వెంటనే పొగాచర్ ఏం చేశాడో చూడాలి. కుంగిపోలేదు. కొద్దిసేపు చక్రం వెనక ఊపిరి తీసుకుని, శిఖరం మీద 8 సెకన్ల బోనస్‌కు స్ప్రింట్ కొట్టి తీసుకున్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి లె లియోరాన్ చేరారు, చివరి స్ప్రింట్‌లో వింగెగార్డ్ టైరు వెడల్పుతో గెలిచాడు. గీత దాటాక డెన్మార్క్ వాడు ఏడ్చేశాడు. ఏప్రిల్‌లో ఆసుపత్రి మంచం మీదున్న మనిషి కదా. ఎవెనెపూల్ 25 సెకన్లు వెనక. రోగ్లిచ్ చివర్లో పడ్డా, ముగింపు దగ్గర పడితే టైం పోదన్న నిబంధన కాపాడింది.

మొత్తం లెక్కలో వింగెగార్డ్ 1 నిమిషం 14 సెకన్లు వెనక. ముందురోజు కంటే ఒక్క సెకను తగ్గింది. 31 కి.మీ. ముందు నుంచి దాడి చేసి, చివరికి ఒక సెకను పోగొట్టుకున్న రోజు ఇది. చాలామంది ఇది 2022, 2023ల పునరావృతం అన్నారు. కాదని మూడు రోజుల్లో తేలింది.

జులై 11, 12: విల్నెవ్ సుర్ లో, పో

గిర్మాయ్ మూడో గెలుపు, ఫిలిప్సెన్ రెండో గెలుపు. మళ్లీ పడ్డ రోగ్లిచ్ 12న బయలుదేరలేదు. అయూసో కోవిడ్‌తో తప్పుకున్నాడు. యూఏఈకి ఒక కొండ మనిషి తగ్గాడు.

జులై 13: తూర్మలే మీదుగా ప్లా దాదే

పో నుంచి 151.9 కి.మీ. తూర్మలే 2,115 మీటర్లు, తర్వాత ఉర్కెత్ దాంసిజాన్, చివర 10.6 కి.మీ., 7.9 శాతంతో ప్లా దాదే. కింద సాన్ లారీ ఊరు దాటగానే మొదటి కిలోమీటర్లే అన్నిటికంటే నిటారు. అలవాటు లేనివాళ్లు అక్కడే వేగంగా ఎక్కి పైన కాలిపోతారు.

ఆ రోజు ఎత్తుగడ చదరంగంలా సాగింది. చివరి కొండ మధ్యలో ముందుగా లేచింది పొగాచర్ కాదు, అతని జట్టువాడు ఆడమ్ యేట్స్. యేట్స్‌ను వదిలేస్తే స్టేజీ యూఏఈది. పట్టుకోవాలంటే వింగెగార్డ్ జట్టు విస్మాలో మిగిలిన మాటేయో జోర్గెన్సన్ తన శక్తి ఖర్చు పెట్టాలి. అతను ఖర్చు పెట్టాడు. పొగాచర్ చాటున కూర్చున్నాడు. శిఖరానికి సుమారు 4.6 కి.మీ. ఉందనగా, జోర్గెన్సన్ అలిసిన క్షణంలో, పొగాచర్ ఒక్క ఊపున యేట్స్ దగ్గరికి దూకాడు. ముందే అక్కడ ఒక మనిషి ఉండటం వల్ల దూకినవాడికి ఊపిరి తీసుకునే చక్రం దొరికింది. యేట్స్ కొన్ని వందల మీటర్లు ప్రాణం పెట్టి లాగి పక్కకు తప్పుకున్నాడు. అక్కడి నుంచి ఒంటరి. వింగెగార్డ్ 39 సెకన్లు, ఎవెనెపూల్ 1 నిమిషం 10 సెకన్లు వెనక. లె లియోరాన్‌లో 31 కి.మీ. కష్టం ఏమీ తేలేదు, ఇక్కడ ఐదు కి.మీ.లోపు దాడి బోనస్‌తో కలిపి 43 సెకన్లు తెచ్చింది.

జులై 14: ప్లాటో ద బేయ్

ఫ్రాన్స్ జాతీయ దినం. 197.7 కి.మీ., మొదటి కిలోమీటరు నుంచే పేరసూర్ద్ కొండ. తర్వాత మాంతే, పోర్తే దాస్పే, ఆన్యేస్, చివర లె కబాన్ ఊరి నుంచి 15.8 కి.మీ., 7.9 శాతంతో బేయ్. చలికాలంలో స్కీయింగ్ మైదానం, జులైలో కాల్చే ఎండ.

విస్మా ఎత్తుగడ తప్పు పట్టలేనిది. వింగెగార్డ్ బలం పొడవాటి రోజు, వేడి, అలసట. కాబట్టి పొద్దుటి నుంచీ గుంపు ముందు వాళ్లే ఉండి వేగం పెట్టారు. ఐదు గంటల తర్వాత పొగాచర్ కాళ్లు ఉండవని ఆశ. బేయ్ మీద జోర్గెన్సన్ చివరి లాగుడు అయ్యాక, శిఖరానికి పదిన్నర కి.మీ. ముందు వింగెగార్డ్ కొట్టాడు. ఒక్కడే అతని వెనక మిగిలాడు, పసుపు జెర్సీలో.

తర్వాతి ఐదు కి.మీ. ఈ టూర్ మొత్తానికి గుండెకాయ. పొగాచర్ ముందుకు రాలేదు. పక్కకు వచ్చి మొహం చూపించడం గానీ, కవ్వించే దూకుడు గానీ లేదు. వింగెగార్డ్ చక్రానికి ఒక అడుగు వెనక, చేతులు వదులుగా, జిప్పు తెరిచి. ముందువాడు భుజం మీదుగా ఎన్నిసార్లు చూసినా వెనక అదే మొహం. 2022లో అయితే ఈపాటికి రెండుసార్లు లేచేవాడు. 5.4 కి.మీ. దగ్గర, వింగెగార్డ్ వేగం కొద్దిగా తగ్గిందని పెడల్ తిరిగే తీరులోనే కనిపెట్టి, ఒక్కసారి లేచాడు. చాలు. ముగింపులో 1 నిమిషం 8 సెకన్లు. 1998లో పాంటానీ ఈ కొండ ఎక్కిన టైంను మూడు నిమిషాలకు పైగా తగ్గించాడు. ఆ రోజు వింగెగార్డ్ కూడా పాంటానీ టైం కంటే వేగంగానే ఎక్కాడు, అయినా ఓడిపోయాడు. మొత్తం తేడా 3 నిమిషాల 9 సెకన్లు.

జులై 16, 17: నీమ్, సూపర్ దెవోల్యుయ్

నీమ్‌లో ఫిలిప్సెన్. 17న కారపాజ్ ఒంటరిగా గెలిచాడు. ఆ వెనక, నువాయే కొండ పై భాగంలో పొగాచర్ అవసరం లేకుండా కొట్టాడు. ఇది మాకు నచ్చని దాడి. విస్మా ముందే మనుషుల్ని బ్రేక్‌అవేలో, అంటే గుంపును వదిలి ముందు వెళ్లిపోయినవాళ్లలో, పంపి ఉంచింది. దిగుడులో క్రిస్టోఫ్ లపోర్ట్ ఆగి వింగెగార్డ్‌ను లాక్కొచ్చి కలిపాడు. లాభపడింది ఎవెనెపూల్, అతను చివరి ఎక్కుడులో వెళ్లిపోయి పొగాచర్ మీద 10 సెకన్లు గడించాడు. వింగెగార్డ్ మీద పొగాచర్‌కు మిగిలింది 2 సెకన్లు. మూడు నిమిషాల ఆధిక్యం ఉన్నవాడు ఇలా ఎందుకు చేస్తాడని అడిగితే, కొండ కనిపించింది కాబట్టి అని తప్ప వేరే జవాబు లేదు. ఆ కుర్రాడి స్వభావమే అంత. జిరోలో కూడా, మోంతె పానా మీద ముందున్న ఇటలీ పిల్లాడు పెల్లిజారిని చివర్లో దాటేసి గెలిచాడు. గీత దాటాక కళ్లజోడు, ఒంటి మీది గులాబీ జెర్సీ తీసి ఆ పిల్లాడికే ఇచ్చాడు.

జులై 19: బోనెత్ మీదుగా ఇసోలా 2000

ఆంబ్రాన్ నుంచి 144.6 కి.మీ. వార్స్, ఆ తర్వాత బోనెత్. నల్లటి రాతిపొడి గుట్ట చుట్టూ తిరిగే రోడ్డు 2,802 మీటర్ల ఎత్తుకు పోతుంది. అక్కడ గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కంటే కాస్త ఎక్కువ, అంతే. దిగాక ఇసోలా 2000, 16.1 కి.మీ., 7.1 శాతం. టూర్‌కు ముందు పొగాచర్ ఎత్తైన చోట సాధన కోసం మకాం పెట్టింది ఈ ఊళ్లోనే. ప్రతి మలుపూ తెలుసు.

విస్మా ఈసారి జోర్గెన్సన్, కెల్డెర్మాన్‌లను ముందు పంపింది. వింగెగార్డ్ ఎటాక్ చేస్తే పైన అందుకోవడానికి మనుషులు కావాలని. కానీ వింగెగార్డ్‌కు ఆ రోజు కాళ్లు లేవు, జోర్గెన్సన్‌ను స్టేజీ కోసం పొమ్మన్నారు. యూఏఈ తేడాను అందుబాటులోనే ఉంచింది. తొమ్మిది కి.మీ.లోపు పొగాచర్ బయలుదేరి, ముందున్న ఒక్కొక్కరినీ దాటుతూ, రెండు కి.మీ.లోపు జోర్గెన్సన్‌ను పట్టి, ఆగకుండా పోయాడు. జోర్గెన్సన్ 21 సెకన్లు, వింగెగార్డ్ 1 నిమిషం 42 సెకన్లు వెనక. తేడా 5 నిమిషాల 3 సెకన్లు.

జులై 20: కోల్ ద లా కుయోల్

నీస్ వెనక కొండల్లో 132.8 కి.మీ., నాలుగు కనుమలు. యూఏఈ ఆ రోజు వెంటాడే పని పెట్టుకోలేదు. రెండో స్థానం మీద కన్నేసి ఎవెనెపూల్ జట్టు వేగం పెట్టింది. ఎవెనెపూల్ కొట్టాడు, వింగెగార్డ్ ఎదురు కొట్టి అతన్ని వదిలించాడు. పొగాచర్ వింగెగార్డ్ చక్రం వెనకే పైదాకా వచ్చి, చివర్లో లేచి 7 సెకన్లతో గెలిచాడు.

చివరి కొండ మీద లాగినవాడికి స్టేజీ వదిలేయాల్సిందని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ అర్థమవుతుంది. అయినా వింగెగార్డ్ లాగింది తన రెండో స్థానం కోసం, పొగాచర్ మీద దయతో కాదు. గెలుపు దానంగా ఇస్తే తీసుకునే మనిషి కూడా కాదు వింగెగార్డ్.

జులై 21: మొనాకో నుంచి నీస్

33.7 కి.మీ. టైం ట్రయల్. 1989లో లెమాండ్, ఫిన్యోన్‌ను 8 సెకన్లతో ఓడించిన రోజు తర్వాత టూర్ చివరి రోజు టైం ట్రయల్ పెట్టడం ఇదే. మొనాకోలోనే కాపురం ఉంటున్న పొగాచర్‌కు లా తుర్బీ ఎక్కుడు, ఎజ్ కనుమ, నీస్‌లోకి దిగే వంపులు రోజూ సాధన చేసే దారులు. 8.1 కి.మీ. ఎక్కుడు ఉన్నా, దిగుడూ చివరి సముద్రతీరపు తిన్నని రోడ్డూ కలిసి ఎక్కువ కాబట్టి టైం ట్రయల్ సైకిళ్లే నప్పాయి. 5 నిమిషాల 14 సెకన్ల ఆధిక్యం ఉన్నవాడు దిగుడులో బ్రేకులు పట్టుకుంటూ వచ్చినా చాలు. పొగాచర్ 45 నిమిషాల 24 సెకన్లలో వచ్చాడు. వింగెగార్డ్ 1 నిమిషం 3 సెకన్లు, ఎవెనెపూల్ 1 నిమిషం 14 సెకన్లు వెనక. ఆరో స్టేజీ. మొత్తంలో వింగెగార్డ్‌కు 6 నిమిషాల 17 సెకన్లు, ఎవెనెపూల్‌కు 9 నిమిషాల 18 సెకన్లు.

అలసట వల్ల పొగాచర్ పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. సెప్టెంబరు 29న జ్యూరిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు. ముగింపు ఇంకా 100 కి.మీ. ఉందనగా గుంపులోంచి లేచి వెళ్లిపోయాడు. కొంతదూరం పక్కన ఫ్రాన్స్ జెర్సీలో పవెల్ సివకోవ్ ఉన్నాడు, టూర్‌లో అతని జట్టువాడే. చివరి 51 కి.మీ. ఒక్కడే. రెండో స్థానంలో వచ్చిన బెన్ ఓకానర్‌కు, గెలిచిన అతనికీ మధ్య తేడా 34 సెకన్లు.